గులాబీ ఛాయ

మార్చి 4

మా ల్యాబుకి ఆరోగ్యవంతుల కరువొచ్చింది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు అడగ్గానే వచ్చి చెయ్యి చాపుతున్నారు, పాపం. ఏ జబ్బూ లేనివాళ్ళు, అందులోనూ యాభై దాటిన ఆడవాళ్ళు దొరకడం గగనమైపోయింది. పోల్చి చూసుకోవడానికి వాళ్ళ రక్తం లేకపోతే మేం చేస్తున్నదంతా ఒంటి చేత్తో చప్పట్లు కొట్టడమే. డాక్టరమ్మ ఇవాళ మీటింగులో అందరి మొహాలూ కలియజూసి, "మీ ఇళ్ళలో గుండ్రాయిలా ఉన్న మనుషులే లేరా?" అన్నారు.

అక్క ఉంది కదా అనుకున్నాను.

సాయంత్రం మెట్లెక్కి నా వాటాలోకి వెళ్ళకుండా కింద అక్కావాళ్ళ దర్జీ కొట్లోనే ఆగాను. అక్క నోట్లో గుండుసూదులు పెట్టుకుని స్కూలు యూనిఫాం అంచు మడత గుచ్చుతోంది.

"రక్తమా? ఎంత తీస్తారే?"

"రెండు చెంచాలు."

"ఏమిస్తారు?"

"టీ, బిస్కెట్లు."

"నయమే. మీ బావ ఇన్నేళ్ళుగా ఊరికే తాగుతున్నాడు. వస్తాలే."

కత్తిరింపు బల్ల దగ్గర బావ తలెత్తకుండానే అందుకున్నాడు. "మరదలా, ఇంకో నాలుగు చెంచాలు ఎక్కువ తీయించు. కాస్త నీరసం వస్తే రాత్రిపూట నాకు దెబ్బలైనా తగ్గుతాయి."

బావ కంటి కింద మళ్ళీ కమిలిన మచ్చ. అక్క నిద్రలో చేతులూ కాళ్ళూ విసురుతుంది. నిన్న కలలో బట్టల తాను మీద పడుకున్న కుక్కని తరిమిందట. "ఆ కుక్క నేనేనండీ" అని, ప్యాంటు కొలతలివ్వడానికి వచ్చిన పెద్దాయన ముందు బావ ఆ ఘట్టమంతా అభినయించి చూపించాడు. ఆయన కొలత టేపు నడుముకి ఉండగానే పడీపడీ నవ్వాడు. నాకైతే కళ్ళలో నీళ్ళొచ్చాయి.

మార్చి 11

అక్క వచ్చింది. పెళ్ళికి వచ్చినట్టు ఇస్త్రీ బట్టలు కట్టుకుని మరీ వచ్చింది.

రక్తం తీసే నర్సుని మేమంతా దోమ అంటాం. ఆ పేరు ఆవిడ తనే పెట్టుకుంది కాబట్టి తప్పు మాది కాదు. దోమ అందరినీ అడిగే ప్రశ్నే అక్కనీ అడిగింది. పరీక్షలో ఏదైనా తేడా కనిపిస్తే మీకు తెలియాలా, వద్దా? అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వద్దమ్మా. కుట్టాల్సినవి బోలెడున్నాయి."

నేను ఆ గదిలో ఉండకూడదు. టీ ఇచ్చే నెపంతో ఉన్నాను. ట్యూబు మీద నంబరు చీటీ అంటించబోతుంటే అక్క లాక్కుంది. "నా రక్తం. నేనే అంటిస్తా." తలకిందులుగా అంటించింది. దోమ నవ్వి, నంబరు కనిపిస్తే చాలులెండి అంది.

గంట తర్వాత రక్తం తీసే గది కిటికీలోంచి ట్యూబులు నా బల్ల మీదికి వచ్చాయి. పేర్లుండవు, నంబర్లే. ఎవరిదేదో నాకు తెలియకూడదు, నేను కొలిచేదాన్ని కాబట్టి. ఆ వరసలో ఒకదాని మీద నంబరు తలకిందులు. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. ఏముందిలే, అక్కేగా అనుకున్నాను.

యంత్రంలో గిరగిరా తిప్పితే ఎర్రదంతా అడుక్కి దిగుతుంది, పైన పచ్చటి నీరు తేరుతుంది. ఆ ప్లాస్మా రంగుని గోడమీద కార్డుతో పోల్చి అంకె వెయ్యాలి. తీసేటప్పుడు ఎర్రకణాలు చితికితే నీరు గులాబీ రంగుకి తిరుగుతుంది. మేం వెతికే ప్రొటీను ఆ ఎర్రకణాల్లోనే కుప్పలుగా ఉంటుంది. కాసిని చితికినా చాలు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ లెక్క కూడా ఆకాశానికి పోతుంది. అందుకే రెండూ, మూడూ అంకెలు పడ్డవాటిని లెక్కలోంచి తీసేస్తాం.

అక్కది ఎండుగడ్డి రంగు. కార్డులో మొదటి గడి. సున్నా వేశాను. మా అక్క రక్తం కూడా ఎంత పద్ధతిగా ఉందో అని కాస్త గర్వపడ్డాను కూడా.

మార్చి 19

అక్క నా కిటికీకి కొత్త పరదా కుట్టింది. నీలం. అడగలేదు, కొలత కూడా తీసుకోలేదు. సరిగ్గా సరిపోయింది. పొద్దున్నే గదంతా నీళ్ళలో మునిగినట్టుంటోంది. కాఫీ చల్లారిపోయేదాకా అలా చూస్తూ కూర్చున్నాను.

ఇంత సుఖంగా ఉండడానికి నేనేం చేశాను అనిపిస్తుంది అప్పుడప్పుడు. అనిపించకుండా ఉంటే ఇంకా సుఖంగా ఉంటుందేమో.

ఏప్రిల్ 2

ఆ బ్యాచ్ ఇవాళ కొలిచాను. తలకిందుల చీటీ నంబరు నాకు నోటికి వచ్చేసి ఉంది. ఎప్పుడు బట్టీ పట్టానో తెలీదు.

ప్రొటీను ఎక్కువగా ఉంది. కాస్త కాదు. రోగుల గుంపు నడుమ పెడితే తేడా తెలియనంత.

ఏప్రిల్ 3

ఆ ట్యూబులో కొంచెం గులాబీ ఛాయ ఉండి ఉండాలి.

ఏప్రిల్ 4

ఉండి ఉండాలి. ఆ రోజు కిటికీలోంచి ఎండ పడుతోంది. ఎండలో లేత గులాబీ పచ్చగానే కనిపిస్తుంది. పైగా అక్క వాగుతూ చెయ్యి కదిపింది, సూది అటూ ఇటూ కదిలితే కణాలు చితుకుతాయి. పైగా నేను అక్కది కదా అని మురిసిపోతూ చూశాను. మురిసిపోతూ చూసేవాళ్ళ కళ్ళని నమ్మొచ్చా?

మిగిలిన ప్లాస్మా డీప్ ఫ్రీజర్లో ఉంది. గడ్డకట్టాక రంగు తెలియదు, ఊరికే చూడ్డానికని కరిగిస్తే మళ్ళీ కొలవడానికి పనికిరాదు. కాబట్టి చూసే దారి లేదు. కాబట్టి అనుమానం వస్తే జాగ్రత్త వైపే మొగ్గాలి. మాకు నేర్పిందే అది.

సున్నా తీసి రెండు చేశాను.

ఏప్రిల్ 5

గులాబీయే.

ఏప్రిల్ 7

ఇవాళ కొట్లో చాలాసేపు కూర్చున్నాను. అక్క చొక్కాకి కాజాలు కుడుతోంది. కళ్ళు వీధిలో ఉంటాయి, నోరు కబుర్లలో ఉంటుంది, సూది మాత్రం దాని దారిన అది పోతుంది. ఆ చేతులు చూస్తూ కూర్చున్నాను.

"ఏమే, నా చేతులకేసి అలా చూస్తున్నావు? గాజులు చేయిస్తావా?"

"నేనెక్కడ చూశాను."

"చూడకపోతే పోనీ, ఆ దారం రీలు అందుకో."

చేతులు భేషుగ్గా ఉన్నాయి. వణుకు లేదు. లేదు కాబట్టి లేదు.

(చెయ్యి వణికేసరికి మెదడులో జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుందనీ, దానికి ఏళ్ళ ముందే రక్తంలో జాడ పట్టుకోవడానికే మా తంటాలన్నీ అనీ నాకు గాక ఇంకెవరికి తెలుసు? నాకు నేనే పాఠం చెప్పుకుంటున్నాను. మానేస్తున్నాను.)

ఏప్రిల్ 13

బావ పెదవి చిట్లింది. "ఈసారి దొంగ. కిటికీలోంచి దూరుతుంటే మీ అక్క పీక పట్టుకుంది. వాడు తప్పించుకున్నాడు, నేను దొరికాను." మిఠాయి పెట్టెల కొట్టాయన నవ్వాడు, పోస్టు తెచ్చినావిడ నవ్వింది, అక్క సిగ్గుపడుతూ నవ్వింది.

నేనూ నవ్వాను, అందరూ నవ్వారు కాబట్టి.

కలల్ని ఒంటితో ఆడేవాళ్ళ గురించి మాకొక స్లైడు ఉంది. నిద్రలో మామూలుగా ఒళ్ళు కట్టేసినట్టు ఉండాలి. కొందరికి ఆ కట్టు ఊడిపోతుంది, కొడతారు, తంతారు, అరుస్తారు. వాళ్ళలో చాలామందికి, అందరికీ కాదు, ఏళ్ళ తర్వాత ఈ జబ్బు రావడం చూశారు. కొత్తగా చేరే ప్రతివాళ్ళకీ చూపిస్తాం. ఆ స్లైడు తయారు చేసింది నేనే. బొమ్మ కూడా నేనే వెతికి పెట్టాను. మంచం మీద ఒకావిడ, కింద పడ్డ మొగుడు.

ఎన్నేళ్ళుగా నవ్వుతున్నాం మేము?

ఏప్రిల్ 14

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. నీలం పరదా బాగుంది.

ఏప్రిల్ 21

డాక్టరమ్మ గ్రాఫు వేయించి గోడకి అంటించారు. ఎడమవైపు ఆరోగ్యవంతులు, కుడివైపు రోగులు, నడుమ రోడ్డు వేసినంత ఖాళీ. ఆవిడ ఇంత సంతోషంగా ఉండడం నేనెప్పుడూ చూళ్ళేదు. బిస్కెట్లు పంచారు. దోమ బుగ్గ గిల్లారు. నా భుజం తట్టి, "ఆరోగ్యవంతుల గుంపు ఎంత శుభ్రంగా వచ్చిందో చూడు. రంగు చూసే దగ్గర నువ్వు గట్టిగా ఉన్నావు కాబట్టే" అన్నారు.

బిస్కెట్టు టీతో దింపాను.

ఏప్రిల్ 22

గులాబీయేనా?

ఏప్రిల్ 23

కాదు.

నాకు ఆ రంగు బాగా గుర్తుంది. ఎండ వల్ల కాదు, మురిసిపోవడం వల్లా కాదు. ఎండుగడ్డి రంగు. ప్రొటీను లెక్క చూడకముందు నేను చూసింది రంగుని. లెక్క చూశాక చూసింది అక్కని. ఇందులో ఏది నమ్మాలో చెప్పడానికి చదువు కూడా అక్కర్లేదు.

రేపు చెప్తాను.

ఏప్రిల్ 24

చెప్పలేదు. డాక్టరమ్మ ఫోనులో ఉన్నారు. చాలాసేపు ఉన్నారు. నేను తొంగి చూసిన రెండుసార్లూ ఉన్నారు.

ఏప్రిల్ 25

చెప్పాను.

తలుపు వేసి నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. తలకిందుల చీటీ, అక్క, సున్నా, రెండు, అన్నీ. ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. తిడతారనుకుని కాలి వేళ్ళు ముడుచుకున్నాను.

"అంటే దాన్ని తీసేస్తేనే మన గ్రాఫు అంత అందంగా వచ్చిందన్న మాట."

"అవును మేడం."

"నేను దాన్ని చూసి బిస్కెట్లు పంచాను."

"అవును మేడం."

"అవునవునని తాళం వెయ్యకు. కూర్చో." తన కుర్చీ ముందుకి లాక్కున్నారు. "రేపు ఈ పరీక్ష నిజంగానే ఆస్పత్రుల్లోకి వెళ్తే, వచ్చి ముందు కూర్చునేది ఎవరనుకున్నావు? నువ్వు తీసేసిన మనిషిలాంటి వాళ్ళే. బాగానే ఉన్నారు, ఏదో ఉంది, ఏమిటో తెలీదు. వాళ్ళని పక్కకి తోసేసి ఇక మనం కనిపెట్టేదేమిటి?"

ఏడుపొచ్చింది. ఆవిడ ఏడుపు అయ్యేదాకా ఆగి, పని మాటలు చెప్పారు. అంకె మళ్ళీ సున్నా అవుతుంది, ఎందుకు మారిందో పక్కన రాయాలి. ఆ బ్యాచ్ ఇక నేను ముట్టుకోకూడదు, వేరేవాళ్ళు మళ్ళీ కొలుస్తారు. జూన్లో అందరినీ ఎలాగూ రెండోసారి పిలుస్తాం, రక్తం మళ్ళీ తీస్తాం, తెలియాలా వద్దా అని అందరినీ మళ్ళీ అడుగుతాం. అక్కనీ అడుగుతాం. తెలియాలంటే అక్కకి డాక్టరమ్మే చెప్తారు. నాకు మాత్రం చెప్పరు.

"ఆ సంఖ్య జబ్బు కాదు, గుర్తుంచుకో. మనం పట్టుకున్నది ఏమిటో మనకే ఇంకా తెలీదు. ఒక్కసారి కొలిచిన ఒక్క సంఖ్య, అంతే."

"మరి ఆ నిద్ర సంగతి మేడం?"

"అది రక్తంలో చూశావా?"

"లేదు. బావ మొహం మీద చూశాను."

"మరి ఇంటి మనిషివే కదా. దానికి నా రూలెందుకు అడ్డం వస్తుంది?"

ఇంటికి నడిచే వచ్చాను. ఇన్ని రోజుల తర్వాత ఆకలేసింది.

ఏప్రిల్ 27

అక్క ఇస్త్రీ పెట్టె ముందు ఉండగా అన్నాను, నిద్రలో అలా చేసేవాళ్ళని చూసే డాక్టరు ఒకాయన ఉన్నాడు, ఒకసారి చూపించుకుందామని.

"నిద్రలో మొగుణ్ణి కొట్టడానికి కూడా డాక్టరా? మెలకువలో కొట్టేవాళ్ళ సంగతేమిటి మరి?"

"ఊరికే అక్కా. బావకి రేపు కన్నే పోతే?"

"పోతే పోనీ, కత్తిరింపు తప్పుల్లో కొత్తగా తేడా ఏం తెలుస్తుంది?" అని ఆవిరి బుస్సుమనిపించింది. తర్వాత పెట్టెని నిలబెట్టి నాకేసి చూసింది. "ఏమే. నా రక్తంలో ఏదైనా చూశావా?"

"నేను చెప్పకూడదు."

అనేశాక అర్థమైంది నేనేమన్నానో.

"నీకు చిన్నప్పణ్ణించీ అంతే. నీ అబద్ధానికి కుట్లు బయటికే కనిపిస్తాయి." చొక్కా తిరగేసింది. "చెప్పకూడదంటే చెప్పకు. నిద్ర డాక్టరు దగ్గరికి వస్తాను. గురువారం రానివ్వు, ఈ యూనిఫాంలు ఇచ్చెయ్యాలి."

ఒక్క చొక్కాకి అంతసేపు ఇస్త్రీ చెయ్యడం అక్క పద్ధతి కాదు. చేసింది.

మే 9

నిద్ర డాక్టరు కుర్రాడిలా ఉన్నాడు, ఓపిగ్గా విన్నాడు. ఒక రాత్రి అక్కడే పడుకోబెట్టి వైర్లు తగిలించి చూశారు. ఉందట, ఆ కట్టు ఊడడం. ఒక మాత్ర రాశాడు. ముందు ముందు ఇంకేదైనా రావచ్చు, రాకపోవచ్చు, ఏడాదికోసారి చూపించుకుంటూ ఉండండి, ఒళ్ళు అలిసేలా రోజూ నడవండి అన్నాడు. అక్క అన్నీ విని, "నడిస్తే రాదా?" అంది. "నడిస్తే మంచిది" అన్నాడు. "మీరూ మా చెల్లిలాగే మాట్లాడతారు" అంది అక్క.

బల్లలూ గాజు వస్తువులూ మంచానికి దూరంగా జరపమన్నాడు. వేరే మంచం వేసుకోమని బావకి చెప్పాడు. బావ ఇంటికొచ్చేదాకా ఆగి అన్నాడు: "ఇన్నేళ్ళు తన్నులు తిని ఇప్పుడు వేరే మంచమా? నాకు నిద్రెలా పడుతుంది?"

చివరికి నడుమ దిళ్ళు పేర్చడానికి ఒప్పుకున్నాడు. పాత పరదా గుడ్డతో దిళ్ళకి గలేబులు అక్కే కుట్టింది. బావ వాటిని సరిహద్దు గోడ అంటున్నాడు.

జూన్ 12

రెండోసారి పిలుపులు. నన్ను ఈ వారమంతా వెనక గదిలో సీసాలు సర్దే పనిలో వేశారు. దోమ మధ్యాహ్నం వచ్చి సీసాలకేసి చూస్తూ, "ఒకావిడ మొన్న వద్దన్నది, ఇప్పుడు తెలియాలంది. ఎవరో నాకు గుర్తులేదు" అని వెళ్ళిపోయింది.

జూన్ 30

ఇవాళ అక్కా బావా డాక్టరమ్మ గదిలోకి వెళ్ళారు. నేను నడవలో నీళ్ళ కూజా దగ్గర నిలబడి గ్లాసు నింపాను, పారబోశాను, నింపాను. తలుపు తెరుచుకుంది. ముందు బావ వచ్చాడు, చేతిలో బిస్కెట్టు. అతని మొహంలో వెతికాను. కమిలిన మచ్చ పసుపుపచ్చగా మారి తగ్గుతోంది, అంతే.

"ఏమన్నారు?"

"నీకు చెప్పకూడదట" అంది అక్క.

"ఎవరన్నారు? డాక్టరమ్మా?"

"ఆవిడా అన్నారు, నేనూ అంటున్నాను. ఇంకా రెండేళ్ళు నువ్వక్కడే కూర్చుని రంగులు చూడాలట కదా. నీకు చెప్తే మళ్ళీ గులాబీలు పూయిస్తావు."

అంటే డాక్టరమ్మ అంతా చెప్పేశారు. నేల చీలితే బాగుండనిపించింది. అక్క నా మొహం చూసి, నా గ్లాసు తీసుకుని, గటగటా తాగేసింది.

"నాకోసం అబద్ధం ఆడావు, సరే. అది కూడా కుదురుగా కుట్టలేకపోయావు, ఇంకా సరే. పద, బస్సొస్తుంది."

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. దారి పొడుగునా కొట్ల బోర్డులు చదువుతూ వచ్చింది.

జులై 3

మంచిదైతే చెప్పేసేది కదా? కాదు. మంచిదైతే చెప్పి, చెడ్డదైతే దాస్తే, దాచడంలోనే బయటపడుతుంది. దాచాలంటే రెండూ దాచాలి. మా ల్యాబులో మేం చేసేది అదే. అక్కకి అది ఎవరూ నేర్పలేదు.

కొత్త మనిషిలా ఏమీ లేదు. ఆర్డర్లు తీసుకుంటోంది. బావని తిడుతోంది. నిన్న తప్పు కత్తిరించిన కాలరు అతని తలమీద పెట్టి కిరీటం అంది.

నాకు తెలియదు. రోజుకి పదిసార్లు అనుకుంటున్నాను, నాకు తెలియదు అని. అనుకున్న ప్రతిసారీ ఒక పక్క గుచ్చుకుంటోంది, ఇంకో పక్క, చెప్పడానికి సిగ్గుగా ఉంది, హాయిగా ఉంది. కొలవాల్సిన పని నాది కాకుండా పోయినందుకు కాబోలు.

జులై 10

కొట్టు మూసే ముందు అక్కా నేనూ నడకకి వెళ్తున్నాం. బావ రాడు, కత్తెర పట్టుకుని పొద్దుటినించీ నిలబడినవాడికి నడక శిక్ష అంటాడు.

ఇవాళ వంతెన దాకా వెళ్ళాం. అక్క గబగబా నడుస్తుంది, దారిలో కనిపించిన ప్రతి చొక్కానీ విమర్శిస్తుంది. "ఆ భుజం చూడు, ఎవడు కుట్టాడో గాని కాకి దిగినట్టుంది." నేను రెండడుగులు వెనకపడ్డాను. వెనకనించి ఆమె చేతులు కనిపిస్తాయి. నడిచేటప్పుడు రెండు చేతులూ ఒక్కలా ఊగాలి. ఒకటి తక్కువ ఊగితే... కుడిది ఊగుతోంది. ఎడమది ఊగుతోందా? ఆ చేతిలో సంచి ఉంది. సంచి వల్లా? సంచి బరువుగా ఏమీ లేదే. ఒక అడుగు ఊగింది, ఒక అడుగు...

అక్క ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఏమే, కొలతలు తీస్తున్నావా?"

నేనూ ఆగాను.

"వెనకనించి కొలిస్తే వీపే వస్తుంది. పక్కకి రా."

వెళ్ళి పక్కన నడిచాను. పక్కన నడుస్తుంటే చేతులు కనిపించవు, మాటలే వినిపిస్తాయి. వంతెన దాటాక ఒకాయన కోటు గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఇల్లు చేరేదాకా ఆ కోటు అవలేదు.